పెదనాన్న అనర్గళంగా మాట్లాడిన రోజు

మా మనవరాలికి బడిలో పది మాటలిచ్చారు. ఒక్కోదానికి అర్థం రాయాలి, కింద సొంత వాక్యం రాయాలి. తొమ్మిది అయిపోయాయి. పదోది పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను పులుసుకి చింతపండు పిసుకుతున్నాను.

"అమ్మమ్మా, అనర్గళం అంటే ఏటి?"

"నీ ఫోనుని అడగలేదా?"

"అడిగేను. ఆగకుండా, తడబడకుండా మాట్లాడడం అని సెప్పింది. ఇప్పుడు సొంత వాక్యం కావాలి. మా హెడ్మాస్టరు గారు అనర్గళంగా మాట్లాడతారు, అని రాసీనా?"

"రాసీ."

రాసేసింది. పుస్తకం మూసేసి టీవీ దగ్గరికి పోయింది. దానికి రెండు నిమిషాల పని. నేను మాత్రం చింతపండు పులుసు పక్కనున్న పప్పు గిన్నెలో వంపేశాను. ఆ మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఇంతే. ఆగకుండా మాట్లాడడమట. అంతేనట. ఏం మాట్లాడాడో, ఏం మాట్లాడకుండా వదిలేశాడో అక్కర్లేదట. నాది అయిదో తరగతి చదువు. పుస్తకంలో రాసిన అర్థం చాలదని చెప్పడానికి నేనెవర్ని? కానీ నా చదువు అయిదో తరగతిలో ఎందుకు ఆగిపోయిందో నాకు తెలుసు. ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

మా పుట్టింటి ఊరు చోడవరానికి దగ్గరే. నడిస్తే గంట కూడా పట్టదు. అయితే మధ్యలో గెడ్డ ఉంది, కొండల మీంచి వచ్చే వాగు. ఎండాకాలం చూస్తే దాన్ని గెడ్డ అనడానికి కూడా మనసొప్పదు, అంతా ఇసుకే. ఎడ్లబళ్ళు గలగలా దాటిపోయేవి. అదే వానలు పడ్డాక చూడాలి. కొండల మీద ఎక్కడో కురిసిన వాన మా ఊరి ముందుకి ఎర్రగా, నురగతో వచ్చేది. మొలలోతు, ఒక్కోసారి మెడలోతు. అప్పుడు మా ఊరు ఒక దీవి. ఉప్పు అయిపోతే పక్కింట్లో అప్పు, పక్కింట్లోనూ అయిపోతే చప్పిడి కూర.

మా ఊళ్ళో బడి అయిదు వరకే. ఆరు చదవాలంటే గెడ్డ దాటి చోడవరం వెళ్ళాలి. నా కన్నా ఏడాది పెద్దదైన ఒక పిల్ల అలాగే వెళ్ళేది. ఒకనాడు కాలు జారి కొట్టుకుపోయింది. కింద వంపు దగ్గర గేదెలు కడుగుతున్న మనిషి జుట్టు దొరకబుచ్చుకుని లాగాడు కాబట్టి బతికింది. పుస్తకాల సంచీ మాత్రం దొరకలేదు. ఆ పిల్ల నాన్న అదే రోజు బడి మాన్పించేశాడు. ఊళ్ళో ఆడపిల్లల నాన్నలందరూ అదే మాట అనుకున్నారు, మా నాన్నతో సహా.

నేను అయిదులో ఉన్నాను అప్పుడు. బాగా చదివేదాన్ని. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకోవడం బాగుండదు గాని, ఇప్పుడు చెప్పడానికి అప్పటివాళ్ళెవరూ లేరు కదా. నాన్న చుట్ట కాలుస్తూ ఒకటే చెప్పాడు.

"వంతెన వస్తే ఎల్దువుగాని. రాలేదా, ఇంటి కాడే ఉండు. నా గుంటపిల్లని నీళ్ళలో పారీసుకోలేను నాను."

అంతే. వంతెన వస్తే బడి, రాకపోతే గేదెలు. నా బతుకంతా ఆ గెడ్డ మీద ఆనుకుని ఉంది.

ఇక మా పెదనాన్న సంగతి. నాన్నకి సొంత అన్న. పిల్లలు లేరు, అందుకని నేనంటే ప్రాణం. వడ్డాది వెళ్తే జీళ్ళు తెచ్చేవాడు, చోడవరం వెళ్తే మాటలు తెచ్చేవాడు. నిజమే చెప్తున్నాను. చోడవరంలో ఎవరి మీటింగైనా సరే, ఏ పార్టీదైనా సరే, పురాణమైనా సరే, వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడు. అక్కడ విన్న మంచి మాటలన్నీ చిన్న నోటు పుస్తకంలో రాసుకొచ్చేవాడు. మిగతావాళ్ళు సంచిలో వంకాయలు తెచ్చినట్టు ఆయన 'ధన్యోస్మి'లు, 'ఎనలేని'లు తెచ్చేవాడు. ఊళ్ళో పెళ్ళయితే పంచరత్నాలు ఆయనే రాసి ఆయనే చదివేవాడు. ఎవరైనా పోతే పెద్దకర్మ నాడు లేచి ఆ మనిషి గురించి మాట్లాడేవాడు. పోయినవాణ్ని బతికున్నప్పుడు తిట్టినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. మా వీధి చివరి తాత ఒకాయన అనేవాడు, "ఒరే బాబూ, నా దినానికి నువ్వు మాట్లాడతానని ఒట్టెయ్యి, రేపే పోతాను" అని. పెదనాన్న సిగ్గుపడుతూ "అంత తొందరేటి తాతా, నాను రాసుకోవాల కదా" అనేవాడు.

ఒక పెళ్ళిలో చోడవరం నుంచి వచ్చిన మాస్టారొకాయన ఆయన మాట్లాడింది విని, "మీ అన్నగారు అనర్గళంగా మాట్లాడతారండీ" అన్నారు మా నాన్నతో. నాన్న ఆ మాటని ఎర్రటి జాకెట్టు ముక్కలా ఇంటికి పట్టుకొచ్చి అందరికీ చూపించాడు. అప్పటినుంచి ఊరంతా అదే. 'ఆయన అనర్గళం' అనేవారు, ఏదో బిరుదు ఇచ్చినట్టు.

మా మామ్మకి మాత్రం ఎక్కలేదు. అడిగింది.

"అంటే ఏటిరా?"

"అర్గళం అంటే గడియ అమ్మా. గడియ లేని తలుపులాగ, అడ్డు లేకుండా మాట వచ్చీడం."

మామ్మ వత్తి చేసుకుంటున్న చేతులు ఆపకుండానే అంది, "గడియ లేని ఇంట్లోకి కుక్కలొచ్చీస్తాయి."

అందరూ నవ్వారు. పెదనాన్నా నవ్వాడు. ఆయనకి కోపం రాదు, అదొక బాధ మాకు. కోపమొచ్చే మనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఇంకొక సంగతి చెప్పకపోతే ముందు జరిగేది అర్థం కాదు. మా ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. ఎవరింటికైనా వెళితే 'అన్నం తింటావా' అని అడుగుతారు. పేగులు కరకరలాడుతున్నా సరే, 'ఇప్పుడే తినొచ్చేనండి' అనాలి. వాళ్ళు మళ్ళీ అడుగుతారు. అప్పుడు 'మీరంతలాగ అంటే ఒక ముద్ద' అని కూర్చోవాలి. మొదటి మాటకే కూర్చున్నవాణ్ని కరువుకొట్టు మనిషి అనేవారు. నేనొకసారి పక్కింట్లో వంకాయా ఎండు నెత్తళ్ళూ ఉడుకుతున్న వాసనకి ఆగలేక, అడగ్గానే "తింటాను" అనేశాను. ఆ ఇంటావిడ కడుపు నిండా పెట్టింది. ఆ ముద్దల రుచి ఇప్పటికీ నాలిక మీదుంది. ఇంటికొచ్చాక అమ్మ వీపు మీద వేసిన దెబ్బ కూడా ఉంది.

"ఒసే, మన ఇంట్లో తిండి లేదనుకుంటారే. రెండోసారి అడిగేదాకా ఆగలేవేటి?"

అలా నేర్చుకున్నాం మేము. మాట రాకముందే ఈ మర్యాద వచ్చేది మాకు.

ఆ ఏడాది బెల్లం వంటల రోజుల్లో కబురొచ్చింది. పెద్దాఫీసరు ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు, ఎవరికేం కావాలో రాసుకుంటున్నాడు, శివరాత్రి వెళ్ళాక మన ఊరూ వస్తాడని. ఊరంతా మా అరుగు మీద చేరింది. ఏం అడగాలన్న దాని మీద తగువే లేదు. వంతెనే. ఎవరు అడగాలన్న దాని మీదా తగువు లేదు.

"ఇంకెవులు? మన అనర్గళమే."

మామ్మ లోపల్నుంచి అంది, "మొదట వంతెన అడిగీరా బాబూ. తరవాత ఎంతసేపైనా సదువుకో."

పెదనాన్న గుమ్మంలోకి తిరిగి ఓపిగ్గా చెప్పాడు. "మొదటే అడిగీస్తే ముష్టోలలాగ ఉంటాదమ్మా. పెద్దోడు వచ్చినప్పుడు ముందు గౌరవం సెయ్యాల. మన ఊరేటో, మనవేటో తెలియాల. అప్పుడు ఆఖర్న ఒక మాట అంటే ఆడి మనసుకి పడతాది."

అరుగు మీదున్న అందరూ అవునన్నారు. నేనూ అవుననుకున్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులూ నాకు పండగే. పెదనాన్న ఉపన్యాసం రాసేవాడు, మా బెల్లం పాక దగ్గర చదివేవాడు, నేను కాగితం పట్టుకుని తప్పులు చూసేదాన్ని. గానుగ తిరిగేది. పెనంలో చెరుకు రసం పచ్చగా మొదలై, తేనె రంగుకొచ్చి, బుడబుడమని పొంగేది. ఆ వాసనకి ఊరంతా ఈగలూ పిల్లలూ. చెరుకు పిప్పి పొయ్యిలో పొగ, ఆ పొగలో తియ్యదనం. మేము కొబ్బరి ముక్కకి దారం కట్టి, వంట చేసే మావయ్య అటు తిరగ్గానే పాకంలో ముంచి లాగేసేవాళ్ళం. ఊదుకుని కొరికితే పళ్ళు అతుక్కుపోయేవి. అలా అతుక్కున్న నోటితోనే నేను పెదనాన్నకి మాటలు అందించేదాన్ని.

"పచ్చని చెరకు వనాల నడుమ, ముత్యపు చిప్పలో ముత్యం వలె ఒదిగిన మా పల్లె..." అనేవాడాయన.

"తరవాత 'తమ రాకతో పులకించి' పెదనాన్నా."

"ఆ. తమ రాకతో పులకించి..."

ఏడు కాగితాలు. మొదటి దాంట్లో ఆఫీసరుకి స్వాగతం. తర్వాత ఊరి గొప్ప, చెరుకు గొప్ప, రైతు గొప్ప. ఆరో దాంట్లో నీటి గొప్ప, నీరు లేనిదే ప్రాణం లేదని. ఏడో దాంట్లో, ఆ నీరే మాకు అడ్డమైందని, కనుక గెడ్డ మీద ఒక వంతెన దయచేయించాలని. ఆ ఏడో కాగితం నాకు కంఠతా వచ్చు. ఒకరోజు చెరుకు మోపుల మీదకెక్కి, తువ్వాలు భుజాన వేసుకుని, కట్టేసున్న ఎడ్ల ముందు ఆ ఏడో కాగితమంతా చదివేశాను. వెనకనుంచి పెదనాన్న చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను.

"వంతెన అన్నకాడ సెయ్యి పైకెత్తాల. కిందకి కాదు" అన్నాడంతే.

పోనీ ఆ రోజైనా తిట్టి ఉండవలసింది.

ఆఫీసరు వచ్చేరోజు చోడవరం నుంచి మైకు సెట్టు తెప్పించారు. రెండు బళ్ళు పక్కపక్కన పెట్టి పైన బల్లలు పరిచారు. మామిడాకులు కట్టారు. గెడ్డలో చుక్క నీరు లేదు. ఆయన జీపు చక్రం తడవకుండా దాటి వచ్చేసింది. మామ్మ నా పక్కన కూర్చుని గొణిగింది, "ఈణ్ని వానల్లో పిలవాల్సింది. అప్పుడు ఏ కాగితం అక్కర్లేదు."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పాలి. దండ వేయించుకుని, కొబ్బరి నీళ్ళు తాగి, బుద్ధిగా కూర్చున్నాడు. పక్కనొక మనిషి పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ పెన్నునే చూస్తున్నాను.

పెదనాన్న లేచాడు. గంజి పెట్టిన లాల్చీ, పైన కండువా. ఆ రోజు మాట్లాడినట్టు ఆయన మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. కాగితం చేతిలో ఉందిగాని చూడనే లేదు. ఒక్క చోట తడబడలేదు. ముత్యపు చిప్ప అన్న చోట అందరం ముందుకి వంగాం. రైతు చెమట అన్న చోట మా నాన్న ముక్కు ఎగబీల్చాడు. నా వెనక ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. మైకులోంచి ఆయన గొంతు గెడ్డ దాటి వెళ్ళి అవతల తోటల్లోంచి తిరిగొస్తోంది. నేను కాగితాలు లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు. అయిదు. ఆరు.

ఆరో కాగితం మధ్యలో డ్రైవరు వచ్చి ఆఫీసరు చెవిలో ఏదో చెప్పాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. పెదనాన్న మాట మధ్యలోనే ఆగిపోయింది.

"చాలా బాగా మాట్లాడారండీ" అన్నాడు ఆఫీసరు, నవ్వుతూ. "ఇలా మాట్లాడేవారిని నేను పట్నంలో కూడా చూడలేదు. ఇంకా రెండు ఊళ్ళు వెళ్ళాలి, ఏమనుకోకండి. చెప్పండి, మీ ఊరికేమైనా కావాలా?"

పెన్ను పట్టుకున్న మనిషి పెన్ను కాగితం మీద ఆనించాడు.

పెదనాన్న రెండు చేతులూ జోడించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"తమరు మా ఊళ్ళో అడుగెట్టడమే మాకు పదివేలండి. ఇంకేటి కావాలండి మాకు."

ఊరంతా తల ఊపింది. ఎంత బాగా అన్నాడు అనుకుంది. అవును మరి, మొదటిసారి అడిగినప్పుడు అలాగే అనాలి. అందరం రెండోసారి కోసం చూస్తున్నాం. నాకు నాలిక చివర ఉంది, ఏడో కాగితం మొత్తం. పెదనాన్న మర్చిపోతే అందిద్దామని నోరు కూడా తెరిచి పెట్టుకున్నాను. ఎవరూ నా నోరు ముయ్యలేదు. ఎవరూ నా గౌను పట్టుకుని లాగలేదు. నేనే ఆగాను. రెండోసారి అడుగుతాడు కదా అని ఆగాను.

"సంతోషం" అన్నాడు ఆఫీసరు. పెన్ను మనిషి ఒక గీత లాంటిదేదో గీసి పుస్తకం మూశాడు. జీపు కదిలింది. ఊరు చప్పట్లు కొట్టింది. గెడ్డ ఇసుకలో దుమ్ము లేచి, మెల్లగా కిందకి దిగింది.

ఆ సాయంత్రం మా అరుగు మీద చోటు లేదు. వచ్చినవాడల్లా పెదనాన్న భుజం తట్టేవాడే. బెల్లం వేసిన పానకం కలిపి అందరికీ పోశారు.

"ఎక్కడా ఆగలేదురా బాబూ. ఆడికే నోట మాట రాలేదు."

"పట్నంలో కూడా సూడలేదన్నాడు, ఇన్నావా?"

"ఆడు కూకున్నోడు కూకున్నట్టే ఉండిపోనాడు."

మామ్మ అన్నీ విన్నది. గ్లాసు కింద పెట్టింది.

"అంతా బాగుందిగాని, వంతెన ఇస్తనన్నాడేటి?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను అనుకుంటాను, అప్పటిదాకా ఆ అరుగు మీద ఒక్కడికి కూడా వంతెన గుర్తు లేదని. చివరికి ఎవరో అన్నారు, "రెండోసారి అడగలేదు కదమ్మా."

"ఆడికెన్ని ఊళ్ళు?" అంది మామ్మ. "ఊరికి రెండేసి సార్లు అడుగుతాడేటి? ఆడు మన సుట్టమా? మన ఇంటి పక్కోడా?"

పెదనాన్న జేబులోంచి ఏడో కాగితం తీసి చూసుకున్నాడు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పానకం గ్లాసు అలాగే ఉండిపోయింది, చీమలు పట్టాయి.

ఎండలు అయిపోయాయి. వానలొచ్చాయి. గెడ్డ ఎర్రగా దిగింది. బడులు తెరిచే రోజున నేను నాన్నని అడగలేదు. పొద్దున్నే అంబలి తాగి గేదెని తోలుకెళ్ళాను. గట్టు మీద కూర్చుంటే అవతల ఒడ్డున చోడవరం దారి కనిపించేది. ఈత వచ్చిన మగపిల్లలు బట్టలు తల మీద పెట్టుకుని దాటి వెళ్ళిపోతున్నారు.

పెదనాన్నతో నేను మాట్లాడడం మానేశాను. జీళ్ళు తెస్తే తీసుకునేదాన్ని కాదు. ఒకరోజు ఆయన కళ్ళజోడు పట్టుకెళ్ళి తవుడు కుండలో పాతేశాను. మర్నాడు పెళ్ళి ఒకటుంది, పంచరత్నాలు చదవాలి. ఇల్లంతా వెతికారు. చివరికి ఆయన చదవకుండానే పెళ్ళి అయిపోయింది. మూడో నాడు గేదెకి తవుడు కలుపుతూ అమ్మ కళ్ళజోడు బయటికి తీసింది. నా వీపు మళ్ళీ మోగింది. పెదనాన్న వచ్చి, అద్దాలు కండువాతో తుడుచుకుని పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"రేపు సోడవరం ఎల్దాం. ఆఫీసుకి. వస్తావేటి?"

నేను మొహం తిప్పుకున్నాను. కానీ వెళ్ళాను.

తొడల లోతు నీళ్ళు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని, కర్రతో తడుముకుంటూ దాటించాడు. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏదో అనుకుంటున్నాడు, దిద్దుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆఫీసులో బల్ల వెనక ఒక గుమాస్తా ఉన్నాడు. ముందు పదిమంది. మా వంతు వచ్చింది. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం కావాలి?"

పెదనాన్న కండువా తీసి చేతిలో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అక్కడ మైకు లేదు, ఊరు లేదు.

"ఏం లేదండి. ఇలాగ ఊరికే, తమరిని ఒకసారి సూసి ఎల్దామని."

గుమాస్తా వింతగా చూసి, వెనకవాణ్ని రమ్మని చెయ్యి ఊపాడు. పెదనాన్న నవ్వు ముఖంతో అలాగే నిలబడ్డాడు. వెనకవాడు ముందుకి తోసుకొచ్చాడు. ఇంక నాకు ఆగలేదు. అమ్మ దెబ్బలు, మర్యాద, అన్నీ పోయాయి.

"మా ఊరి గెడ్డ మీద వంతెన కావాలండి. అది లేకపోతే మా నాన్న నన్ను బడికి పంపడండి."

గుమాస్తా పెన్ను ఆపాడు. "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. బీరువాలోంచి పుస్తకం తీసి, వేలితో కిందకి దిగుతూ వచ్చి ఒక చోట ఆగాడు.

"ఎండాకాలంలో మీ ఊరొచ్చి అడిగారు కదా. ఇదిగో, మీ ఊరి పేరు ఎదురుగా అడ్డగీత ఉంది. ఏమీ అక్కర్లేదన్నారు. ఈ ఏడాది పనులన్నీ రాసి పైకి పంపేశారు."

పెదనాన్న ముందుకి వంగి ఆ గీతని చూశాడు. చాలాసేపు చూశాడు. పైన ఒక ఊరికి బావి, కింద ఒక ఊరికి రోడ్డు. మధ్యలో మా ఊరు, పక్కన గీత.

"వచ్చే ఏడాదికి రాసుకుంటాను" అన్నాడు గుమాస్తా. రాశాడు కూడా. మంచినీళ్ళు తాగినంతసేపు పట్టలేదు.

ఆ వచ్చే ఏడాది ఎన్ని ఏడాదులైందో చెప్తే నవ్వుతారు. నాకు పెళ్ళయింది. చోడవరమే ఇచ్చారు నన్ను, ఏ ఊళ్ళో చదువుకుందామనుకున్నానో అదే ఊరు. కోడలిగా వచ్చాను. హైస్కూలు గోడ మా ఇంటి పెరట్లోంచి కనిపించేది. గంట వినిపించేది. రెండో కాన్పుకి పుట్టింటికి బయల్దేరినప్పుడు వంతెన మీద నడిచి వెళ్ళాను. ప్రారంభం రోజున ఎవరో వచ్చి రెండు గంటలు మాట్లాడారట. చాలా బాగా మాట్లాడారట. నేను ఏం మాట్లాడారని అడగలేదు.

ఆ రోజు ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు పెదనాన్న నాకు వేడి పకోడీలు కొనిపెట్టాడు. ఆయన ముట్టలేదు. గెడ్డ ఒడ్డుకొచ్చాక ఒక రాయి మీద కూర్చున్నాడు.

"ఇంతేనేటే?" అన్నాడు.

"ఏటి పెదనాన్నా?" ఎన్నో రోజుల తర్వాత పిలిచాను.

"అడగడం."

నోట్లో పకోడీ ఉంది. పదేళ్ళ పిల్లని. ఇప్పుడైనా నాకు జవాబు తెలుసా అంటే, ఆ ప్రశ్నకి ఇంతేనని చెప్పడానికి మనసొప్పదు. ఇంతే అయితే నా చదువు ఇంతకే పోయినట్టు కదా. పోయింది కూడా ఇంతకే. అదే నా బాధ.

అవతల ఒడ్డున నాన్న నిలబడి ఉన్నాడు. మేము తిరిగొచ్చేదాకా నా గేదెని తనే కాస్తున్నాడు. గెడ్డ దాటి నన్ను భుజాల మీంచి దించాక పెదనాన్న పంచె పిండుకున్నాడు. నాన్న ఏమైందని అడిగాడు. పెదనాన్న ఎప్పటిలా కండువా సవరించుకోలేదు, గొంతు సవరించుకోలేదు. తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"నాను అడగలేదురా. తప్పు నాదే."

నాన్న గేదె తాడు నా చేతికిచ్చాడు.

ఆయన మాట్లాడినవన్నీ విన్నదాన్ని నేను. పెళ్ళిళ్ళు విన్నాను, పెద్దకర్మలు విన్నాను, ఏడు కాగితాలు కంఠతా పట్టాను. ఇప్పుడు వాటిల్లో సగం కూడా గుర్తు లేవు. ఆ రోజు ఒడ్డున అన్నది మాత్రం పొల్లు పోలేదు. అది విన్నది నేను, నాన్న, ఒక గేదె.